ఏం ముట్టుకోలే భాయ్, దానంతటదే వచ్చింది

నల్లగొండలో ఆదివారాలకు ఒక కొత్త వృత్తి పుట్టుకొచ్చింది. ఇంటి ముందు కారు పెట్టి, ఫోన్‌ను బ్యాటరీకి ఆనించి, అందులో ఎవరో హిందీలో చెప్తుంటే బోల్టులు విప్పే వృత్తి. ప్లగ్గులు మార్చడం, ఎయిర్ ఫిల్టర్ దులపడం, ఆయిల్ పోయడం. ఇందులో తప్పేమీ లేదు. పానాల సెట్టు ఆన్‌లైన్‌లో సగం ధరకు వచ్చింది, వాడకపోతే పాపం. నా గొడవంతా సోమవారం గురించి.

సోమవారం బండి స్టార్ట్ చేయగానే టకటకమని ఒక శబ్దం. శనివారం దాకా లేనిది. అప్పుడు మన ఇంటి ఇంజినీరు నోట వచ్చే మొదటి మాట, "దానంతటదే వచ్చింది."

మా కాలనీలో ఇలాంటి సారు ఒకరున్నారు. ఆయన శబ్దం మీద జరిగిన బహిరంగ విచారణను భావితరాల కోసం నమోదు చేయడం నా బాధ్యత. బానెట్ లేవగానే గేట్లన్నీ తెరుచుకున్నాయి. ఆర్టీసీలో రిటైరైన పెద్దమనిషి చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి, బండి స్టార్ట్ చేయకముందే "ఇంజిన్ బోరుకొచ్చింది" అని తీర్పు చెప్పారు. (ఆయన లెక్కలో మిక్సీలు కూడా బోరుకొస్తాయి.) ఎదురింటాయన డీజిల్‌లో కల్తీ అన్నారు. బండి పెట్రోలుదని ఎవరో గుర్తు చేస్తే, "గందుకే" అన్నారు. సారు ఊరుకోలేదు, శబ్దాన్ని రికార్డు చేసి డాలస్‌లో ఉన్న బామ్మర్దికి పంపారు. అందులో సగం పక్కింటి కుక్క అరుపే. బామ్మర్ది విని, "టైమింగ్ చైన్ బావా, ఇంజిన్ దింపాల్సిందే" అన్నాడు. లోతైన శబ్దం ఫోన్ చిన్న స్పీకర్‌లో సరిగ్గా పలకనే పలకదు. అయినా డాలస్ మాట డాలస్ మాటే. చివరికి సారు వాళ్ల అత్తగారు వచ్చి దిష్టి అని తేల్చి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించారు. ఆ రోజు వచ్చిన సలహాల్లో బండికి నష్టం చేయనిది అదొక్కటే.

ఇంతమందిలో ఒక్కరూ అడగని ప్రశ్న: నిన్న నువ్వు ఎక్కడ చెయ్యి పెట్టినవ్?

శబ్దాలకు ఊరూ పేరూ ఉంటాయి. ప్లగ్గు సరిగ్గా బిగియకపోతే సందులోంచి గ్యాస్ తన్ని ఫుస్సు ఫుస్సుమంటుంది. బెల్టు వదులైతే కీచుమంటుంది. దాని మీద నాలుగు చుక్కల నీళ్లు పడగానే ఆ కీచు మారిందంటే దొంగ దొరికినట్టే. ఆయిల్ గీత దాటించి పోస్తే క్రాంక్‌షాఫ్ట్ అనే ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు దాన్ని చిలికి నురగ చేస్తుంది, గాలి కలిసిన ఆయిల్‌తో వాల్వులను తెరిపించే హైడ్రాలిక్ టాపెట్లు టిక్కుటిక్కుమంటాయి. క్రాంక్ 2 చుట్లు తిరిగితే ఆ టాపెట్లను నెట్టే క్యామ్ తిరిగేది 1 చుట్టే కాబట్టి ఆ టిక్కు ఇంజిన్ వేగంలో సగం వేగంతోనే వస్తుంది. ఇక మీటర్‌లో ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే వినేదీ లేదు, చర్చా లేదు, ఇంజిన్ ఆపేయాల్సిందే. ఇవేవీ దానంతటవే రావు. ముఖ్యంగా ఆదివారం సాయంత్రం రావు.

మొత్తానికి బండి పానగల్ రోడ్డులో ఒక రేకుల షెడ్డుకు చేరింది. నేనూ వెంట పోయాను, ఈ వినోదం వదులుకుంటానా.

"ఏమన్న విప్పిండ్రా సార్?"

"ఏం ముట్టుకోలే భాయ్."

మెకానిక్ పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవి పక్కన ఎముకకు పెట్టుకున్నాడు. టాపెట్ కవర్ మీద, ఆల్టర్నేటర్ మీద, వాటర్ పంపు మీద. "కొంచెం రేస్ ఇయ్యుండ్రి." కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత బెల్టు విప్పి, కొన్ని క్షణాలు మాత్రం ఇంజిన్ నడిపించాడు. శబ్దం పోలేదు. అంటే ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ నిర్దోషులు. మధ్యాహ్నమైంది. సారు టీ తాగి వచ్చారు. చివరికి అతను బండి కిందికి దూరి, ఇంజిన్ కింది ప్లాస్టిక్ ట్రే విప్పాడు. ఖణేల్మని నేల మీద పడింది పది నంబర్ పానా. కొత్తది, తళతళలాడుతోంది. పిడి మీద ధర స్టిక్కర్ కూడా పోలేదు.

సారు దాన్ని తేరిపార చూసి, "కంపెనీవాళ్లు మర్చిపోయినట్టున్నరు" అన్నారు.

మెకానిక్ ఏమీ అనలేదు. ట్రే బిగించి మూడు వందలు అడిగాడు.

"ఏం మార్చినవని మూడు వందలు? చూసుడే గదా!"

ఇక్కడిదాకా నవ్వాను. చూసుడే గదా! ఆ చూపు, ఆ చెవి పానాల సెట్టుతో పాటు ఆన్‌లైన్‌లో వస్తాయా? ఏళ్ల తరబడి సైలెన్సర్లకు చేతులు కాల్చుకుంటే, రేకుల కింద మే నెల ఎండలో కాలే ఇంజిన్ కింద పడుకుంటే వచ్చాయవి. డాక్టరు స్టెతస్కోప్ పెట్టి రెండు నిమిషాలు వింటే, అడిగినంత ఫీజు కౌంటర్లో పెట్టి, "థాంక్స్ సార్" అని వంగి మరీ వస్తారు ఇదే మనుషులు. డాక్టరు చేతికి గ్రీజు లేదు కదా! "నిన్న కింద ట్రే దగ్గర పనిచేసిన భాయ్" అని ఒక్క మాట చెప్తే పది నిమిషాల్లో తేలే పని. పరువు కోసం ఆ మాట మింగి, ఒక మనిషి సగం రోజు కూలి తిన్నారు. దీన్ని పొదుపు అనేవాళ్లు అనుకోండి, నేను దొంగతనం అంటాను.

సారు వంద రూపాయలిచ్చారు. షెడ్డులోని గుడ్డతోనే పానా తుడిచి జేబులో వేసుకున్నారు. కంపెనీవాళ్లదన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. వచ్చే ఆదివారం బెల్టు తానే మారుస్తానని ఇప్పటికే కాలనీ మొత్తానికి చెప్పి పెట్టారు.

భాయ్, సోమవారం ఆ బండి మళ్లీ నీ షెడ్డు ముందు ఆగుతుంది. ముందు మూడు వందలు చేతిలో పెట్టించుకో, ఆ తర్వాతే బానెట్ ఎత్తు. మిగిలిన రెండు వందల బాకీ కూడా అడుగు, నేను సాక్ష్యం చెప్తాను.