ఐదొందలకి ఆరు దేశాలు

దక్షిణాసియా దేశాల మధ్య సఖ్యత ఎక్కడుందని పెద్దలు అప్పుడప్పుడూ పత్రికల్లో ఆవేదన పడుతుంటారు. వాళ్ళందరికీ ఒక శుభవార్త. అది నా కారు డాష్‌బోర్డు అరలో ఉంది. ఆర్సీ జిరాక్సుకీ, తాడ్‌బండ్ హనుమంతుడి సింధూరం పొట్లానికీ మధ్యలో, నాలుగు మడతలు పెట్టిన ఇన్సూరెన్స్ కాగితం రూపంలో ఉంది.

ఈ సంగతి నాకూ మొన్న వేసవిలోనే తెలిసింది. 2025 మే సెలవుల్లో కారేసుకుని నేపాల్ వెళ్ళాలనీ, పశుపతినాథుణ్ణి, ఓపికుంటే ముక్తినాథుణ్ణి చూసి రావాలనీ మా ఇంట్లో తీర్మానం జరిగింది. ముక్తినాథ్ వైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. మా అత్తగారి లెక్కలో అది ఇంకా బాకీ ఉంది. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్, జబల్‌పూర్, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ సరిహద్దుకి సుమారు 1,500 కిలోమీటర్లు. మనవాళ్ళకి వీసా అక్కర్లేదు. గుర్తింపు కార్డు చూపించి నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు. మనిషికి లేని పట్టింపులన్నీ కారుకే.

అసలు నేను చేసిన తప్పల్లా పాలసీ చదవడం. ఇది మంచి అలవాటు కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అందులో మినహాయింపుల జాబితాలో మొట్టమొదటిదే ఇది: భౌగోళిక పరిధికి బయట జరిగిన ఏ నష్టానికీ మేము పూచీ కాదు. పరిధి ఏమిటా అని చూస్తే, 'ఇండియా' అని ఒక్క ముక్క. అంటే సునౌలీ గేటు దగ్గర నా ముందు చక్రాలు నేపాల్‌లో, వెనక చక్రాలు ఇండియాలో ఉన్న క్షణంలో ఏ లారీయో గుద్దితే, వెనక బంపరుకే డబ్బులొస్తాయి. పాలసీని 'బంపర్ టు బంపర్' అని చెప్పే అమ్మారు. రెండు బంపర్లూ ఒకే దేశంలో ఉండాలని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా తోడల్లుడు ఇన్సూరెన్స్ ఏజెంటు. ఫోన్ చేశాను.

"నేపాలా? నేపాల్ మనదే కదండీ అన్నయ్యగారూ?"

"మనది కాదయ్యా. వేరే దేశం."

"అంటే, వీసా లేదు కదా అని..."

"నాకు లేదు. కారు సంగతి చెప్పు."

"మీరేం టెన్షన్ పడకండి. ఏమీ కాదు."

'ఏమీ కాదు' అన్నది తెలుగువాళ్ళ అతి ప్రాచీన బీమా పథకం. ప్రీమియం లేదు, రెన్యువల్ లేదు, భౌగోళిక పరిధి అసలే లేదు. బండికి కట్టే నిమ్మకాయ, మిరపకాయల దండ కూడా ఈ పథకం కింద వచ్చే యాడ్-ఆన్ కవరే. ఇంత పెద్ద పథకంలో క్లెయిమ్ తిరస్కరించారన్న ఫిర్యాదు ఇంతవరకూ ఒక్కటీ లేదు. ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియకపోవడమే దాని విజయ రహస్యం.

నేను మాత్రం పట్టు వదల్లేదు. కంపెనీ వాళ్ళ నంబరుకే ఫోన్ చేశాను. తెలుగు కోసం ఏదో నొక్కమంటే నొక్కాను. ఇరవై నిమిషాలు సంగీతం విన్నాక ఒక అమ్మాయి పలికింది. ఎంతో మర్యాదగా నా సమస్య విని, "అలాగే సార్, మీరు వెళ్ళే ఊరి పిన్‌కోడ్ చెప్పండి" అంది. కాఠ్మాండూది 44600 అని చెప్పాను. ఐదంకెలే వచ్చాయి, ఆరోది చెప్పండి అంది. వాళ్ళకి ఐదే ఉంటాయమ్మా అన్నాను. కాసేపు మౌనం. "సార్, నేపాల్ ఏ స్టేట్ కిందికి వస్తుంది?" తనను నేనేమీ అనను. ఆరో అంకె లేని చోటికి ఆ కంప్యూటరు ఎవరినీ వెళ్ళనివ్వదు. ఇద్దరం కలిసి చివర సున్నా పెట్టి చూశాం. 446000 అన్నా ఒప్పుకోలేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఇక్కడ దేవుడు ఎప్పుడో 2002లోనే వరమిచ్చేశాడు. ఆ ఏడాది అమల్లోకొచ్చిన ఇండియా మోటార్ టారిఫ్‌లో, అంటే బండ్ల బీమా రేట్ల పుస్తకంలో, స్పష్టంగా ఉంది: పూర్తి పాలసీ ఉన్న ఏ బండికైనా, అది నానో అయినా వోల్వో బస్సు అయినా, 500 రూపాయల అదనపు ప్రీమియంతో పరిధిని పక్క దేశాలకి పొడిగించవచ్చు. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ అయితే 100 రూపాయలు చాలు. దాని పేరు ఐఎంటీ 1. అంటే పాలసీకి అతికించే ఇన్ని రకాల మార్పు కాగితాల్లో, వాళ్ళ భాషలో ఎండార్స్‌మెంట్లలో, దానిది మొదటి నంబరు. చివరికి బ్రాంచి ఆఫీసులో రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డ ఒక పెద్దాయన దొరికాడు. "ఓ, ఎక్స్‌టెన్షనా!" అంటూ కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత పాత స్నేహితుడి పేరు విన్నవాడిలా వెలిగిపోయాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక కాగితం చేతిలో పెట్టాడు.

ఆ ఫారంలో ఒక ఖాళీ ఉంటుంది. నేపాల్, బంగ్లాదేశ్, భూటాన్, మాల్దీవులు, శ్రీలంక, పాకిస్తాన్, వీటిలో ఏది అవసరమైతే అది రాయాలి. ఆయన ఆరూ రాసేశాడు.

"నాకు నేపాల్ ఒక్కటే కావాలి సార్."

"ఉండనివ్వండి. రేటు ఒక్కటే కదా, ఎందుకైనా మంచిది."

500 రూపాయలు, పైన 90 జీఎస్టీ. పన్ను తీసేస్తే దేశానికి 83 రూపాయల 33 పైసలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దక్షిణాసియా దేశాల సార్క్ కూటమి 1985లో ఢాకాలో పుట్టింది. దాని సచివాలయం నేను వెళ్ళబోయే కాఠ్మాండూలోనే ఉంది. చివరి శిఖరాగ్ర సమావేశం కూడా అక్కడే, 2014 నవంబర్‌లో జరిగింది. తర్వాతది ఇస్లామాబాద్‌లో అనుకున్నారు, రద్దయింది. అప్పట్నుంచీ దేశాధినేతలు ఒక్క బల్ల చుట్టూ కూర్చోలేదు. అలాంటిది, ఏడు దేశాలూ ఏ పేచీ లేకుండా ఒకే వరుసలో, కామాలు పెట్టుకుని, నా కారు మీద కూర్చున్నాయి. అఫ్ఘనిస్తాన్ ఒక్కటే లేదు. కానీ దాన్ని ఎవరో కావాలని వదిలెయ్యలేదు. అది సార్క్‌లో చేరింది 2007లో, క్లాజు 2002 నాటిది. ప్రభుత్వాలు మారాయి, పటాలు మారాయి, క్లాజు మారలేదు. విదేశాంగ విధానంలో నిలకడ లేదని విమర్శించేవాళ్ళు దీనికేమంటారు?

ఒక్కొక్క దేశాన్నే చూద్దాం. పాకిస్తాన్ సరిహద్దులో అట్టారీ చెక్‌పోస్టు 2025 ఏప్రిల్‌లో మూసేశారు. అయినా సరే, లాహోర్‌లో నా కారుకి సొట్ట పడితే బాగుచేయించే బాధ్యత మే నెల పొడుగునా కంపెనీదే. ఆ కారు లాహోర్‌కి ఎలా చేరిందన్నది వేరే శాఖ చూసుకోవాలి.

శ్రీలంకకి రోడ్డు ధనుష్కోడి దాటి అరిచల్‌మునై దాకా ఉంది. అక్కడ అది గుండ్రంగా తిరిగి మళ్ళీ రామేశ్వరం వైపే వచ్చేస్తుంది. ధనుష్కోడి నుంచి తలైమన్నార్‌కి ఒకప్పుడు నడిచిన పడవలు 1964 తుఫానుతో పోయాయి. మాల్దీవులంటే దాదాపు 1,200 దీవులు. మాలే నుంచి విమానాశ్రయం దీవికి 2018లో వంతెన వేశారు కాబట్టి, ఎలాగోలా అక్కడికి చేరగలిగితే కాసేపు నాలుగో గేరు కూడా వేసుకోవచ్చు. సరే, ఓడలో తీసుకెళ్దామంటారా? అదే ఐఎంటీ 1లో రెండో వాక్యం ఉంది: పొడిగించిన ప్రాంతానికి బండిని సముద్రం మీదగానీ, ఆకాశంలోగానీ తరలించేటప్పుడు జరిగే నష్టానికి ఈ కవరు వర్తించదు. అక్కడికి చేరాక రక్షణ ఉంది, చేరే దారిలో లేదు. వారధి కట్టించుకుని లంకకి వెళ్ళగలిగినవాడికే ఈ క్లాజు పనికొస్తుంది. ఆ అర్హత ఉన్నవాడు ఇప్పటిదాకా ఒక్కడే. ఆయన కూడా తిరుగు ప్రయాణం పుష్పక విమానంలో చేశాడు కాబట్టి ఆ సగానికి క్లెయిమ్ చెల్లదు.

భూటాన్ సంగతి కొంచెం సున్నితం. భారత్, నేపాల్, బంగ్లాదేశ్, భూటాన్‌ల మధ్య బళ్ళు స్వేచ్ఛగా తిరగాలని 2015 జూన్‌లో థింపూలో ఘనంగా ఒప్పందం రాసుకున్నారు. సంతకాలకి చోటిచ్చిన ఆ దేశపు పార్లమెంటే తర్వాత దాన్ని ఆమోదించలేదు. నేను తప్పు పట్టను. రాజధానిలో ట్రాఫిక్ సిగ్నలు ఒక్కటి కూడా పెట్టుకోకుండా, పోలీసు చేతి సైగలతో నెట్టుకొస్తున్న దేశమది. అమీర్‌పేటలో డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళని లోపలికి రానిచ్చే ముందు ఆలోచించుకోవడం వాళ్ళ హక్కు.

ఐరోపాలో ఈ గొడవే లేదని మా పెద్దబ్బాయి అన్నాడు. అక్కడ 1950ల నుంచీ ఒకే కాగితంతో పదుల దేశాలు తిరుగుతారట. ఆ కాగితం పేరు గ్రీన్ కార్డు. ఆ మాట మా ఇంట్లో అనకూడదు. మా తమ్ముడు అమెరికాలో ఇంకో రకం గ్రీన్ కార్డు కోసం పదమూడేళ్ళుగా క్యూలో ఉన్నాడు. ఐరోపాలో గ్రీన్ కార్డు ఇన్సూరెన్స్ వాళ్ళే ఇచ్చేస్తారనీ, 2020 నుంచి దాన్ని తెల్లకాగితం మీద ప్రింటు తీసుకున్నా చెల్లుతుందనీ ఫోన్‌లో చెప్తే, వాడు ఏమీ మాట్లాడకుండా పెట్టేశాడు.

సరే, బయల్దేరాం. పులిహోర నాగ్‌పూర్ దాకా, సున్నుండలు వారణాసి దాకా వచ్చాయి. మూడో రోజు మధ్యాహ్నం సునౌలీ. అవతల భన్సార్ ఆఫీసు, అంటే వాళ్ళ కస్టమ్స్. ఎన్ని రోజులుంటే అన్ని రోజులకి బండికి సుంకం కట్టాలి. అక్కడి గుమాస్తా ఆర్సీ చూశాడు, లైసెన్సు చూశాడు, ఎన్నాళ్ళని అడిగి డబ్బు తీసుకున్నాడు. ఇన్సూరెన్స్ ఊసే ఎత్తలేదు. నేను ఆగలేకపోయాను. మడతలు విప్పి ఎండార్స్‌మెంట్ బల్ల మీద పరిచాను. ఆయన దాన్ని ఆప్యాయంగా చూసి, దాని మీద టీ గ్లాసు పెట్టాడు. గ్లాసు తీశాక ప్రాంతీయ సహకారం మీద గుండ్రటి మరక, సరిగ్గా భూటాన్ మీద.

అసలు చిక్కు లోపలికి వెళ్ళాక మొదలైంది. నేపాల్ గడియారం మనకంటే పావుగంట ముందుంటుంది. నా కాగితంలో మొదటి తేదీ, చివరి తేదీ రెండూ కలుపుకుని అని ఉంది. కానీ ఎవరి తేదీ? పోఖరాలో అర్ధరాత్రి దాటి పది నిమిషాలైతే, మనకి ఇంకా నిన్ననే. ఆ పావుగంటలో నా కారు ఒక దేశంలో రేపటిలోనూ, ఒక దేశంలో నిన్నటిలోనూ ఉంటుంది. అందుకే అక్కడ రోజూ రాత్రి పదకొండున్నరకే తాళాలు మా ఆవిడకిచ్చి పడుకున్నాను.

దానికి తోడు పంచాంగం. మనం ఉగాదికి శాలివాహన శకం 1947 అని విన్నాం. వాళ్ళది విక్రమ సంవత్సరం, అప్పుడు 2082 నడుస్తోంది. విక్రమార్కుడికీ శాలివాహనుడికీ పడదని చిన్నప్పుడు విన్న కథలే. శాలివాహనుడి మనుషులం విక్రమార్కుడి లెక్క నడిచే చోటికి 135 ఏళ్ళ తేడాతో బండేసుకుని వెళ్ళాం. ఏ నేపాలీ పోలీసయినా నా కాగితం మీది 2025ని వాళ్ళ లెక్కలో చదివితే, నా ఇన్సూరెన్స్ 57 ఏళ్ళ కిందట ముగిసిపోయినట్టే. అదృష్టవశాత్తూ ఎవరూ చదవలేదు.

పశుపతినాథ్‌లో మూలవిరాట్టుకి పూజ చేసే భట్టులు తరతరాలుగా కర్ణాటక ప్రాంతం నుంచి వెళ్తున్నవాళ్ళు. వాళ్ళ భౌగోళిక పరిధిని ఎవరు పొడిగించారో, ఎంత తీసుకున్నారో అడుగుదామనుకున్నాను. మా అత్తగారు కళ్ళెర్రజేశారు.

పది రోజులు, నారాయణ్‌గఢ్ దారిలో లోయలు, జోమ్‌సోమ్ దారిలో రాళ్ళు, ఎదురుగా టాటా లారీలు. కారు మీద గీత పడలేదు. తిరిగొచ్చిన రెండో రోజు, అంటే ఎండార్స్‌మెంట్‌లో ఇంకా ఒక రోజు మిగిలి ఉండగా, మా అపార్టుమెంటు సెల్లార్లో రివర్స్ చేస్తూ పిల్లర్‌కి గుద్దాను. వెనక బంపరు విరిగింది. క్లెయిమ్ పెట్టాను. సర్వేయరు ఫోన్ చేశాడు.

"సార్, ప్రమాదం జరిగినప్పుడు బండి ఏ దేశంలో ఉంది?"

"మా సెల్లార్లో."

"అది కాదు సార్. మీ కవర్లో ఏడు దేశాలు కనిపిస్తున్నాయి. ఇండియాలోనే జరిగిందని ప్రూఫ్ ఏదైనా పెట్టండి."

వాచ్‌మన్ సాక్ష్యం చెప్తానన్నాడు, కానీ అతను నేపాల్ వాడు. ఆలోచించి, విరిగిన బంపరు, పిల్లరు, ఆ రోజు తెలుగు పేపరు మూడూ ఒకే ఫొటోలో వచ్చేలా తీసి పంపాను. సాయంత్రానికి జవాబొచ్చింది. ఫొటో బాగానే ఉందట. పేపరు మాత్రం తిప్పి, జిల్లా ఎడిషన్ పేరు కనిపించేలా మళ్ళీ తీయమన్నారు.