ట్యాంకు తీసేశారు సరే, నేలలో ఇంకినది ఎవరు తీశారు?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం నుంచి బంధుమిత్రులు ఒకే సందేశాన్ని మళ్ళీ మళ్ళీ పంపుతున్నారు. "మూతపడిన పెట్రోలు బంకు స్థలం కొనడానికి భయమెందుకు? భూమిలోని ట్యాంకు తీసేశాక ప్రమాదం లేదు. మట్టికి వాసన లేకపోతే చాలు. అనుమానముంటే బావినీళ్ళు కాచి తాగండి. మిగిలింది నేలే శుభ్రం చేసుకుంటుంది. గోతిలో సున్నం చల్లితే మరీ మంచిది. పరీక్షలు డబ్బు దండగ" అని. చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని నమ్మి పంపుతుంటే ఊరుకోలేకపోతున్నాను.

కారిన పెట్రోలు ట్యాంకుతో పాటు లారీ ఎక్కి వెళ్ళిపోదు. పైగా కారేది ట్యాంకు ఒక్కటే కాదు; గొట్టాల అతుకులు, పంపుల అడుగుభాగం, ఇంధనం నింపే మూత చుట్టుపక్కల కూడా చూడాలి. అందుకే గొయ్యి పూడ్చకముందే దాని అడుగు నుంచి, గోడల నుంచి, గొట్టాల దారి వెంట మట్టి తీయాలి. గాజు సీసాలో ఖాళీ లేకుండా నింపి, మంచులో పెట్టి పంపాలి. ప్లాస్టిక్ సంచిలో ఎండన తిరిగిన మట్టిని పరీక్షించి ఇచ్చిన నివేదికను నమ్మకూడదు. 2000కు ముందు నడిచిన బంకైతే సీసం కూడా చూడాలి. సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా ఆగింది ఆ ఏడాది ఫిబ్రవరిలోనే.

అసలు ప్రాణాల మీదికి తెచ్చేది వాసన మాట, కాచి తాగమనే సలహా. పెట్రోలులోని బెంజీన్ మనిషికి క్యాన్సర్ తెస్తుందని తేలిన పదార్థం. తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. దాని వాసన ముక్కుకు తెలియాలంటే అంతకు వంద రెట్లకు పైగా ఉండాలి. అంటే ముక్కు చెప్పేదాకా ఆగిన ఇంట్లో పిల్లలు ఎన్నాళ్ళుగా ఆ నీళ్ళు తాగుతున్నట్టు? ఎండకు పైమట్టి వాసన పోతుంది, లోపలిది అలాగే ఉంటుంది. నీటిమట్టం మీద తేలే పెట్రోలు వానాకాలంలో పైకి లేచి, వేసవిలో దిగి, మధ్యనున్న మట్టికంతా అంటుకుంటుంది. మన కొండప్రాంతంలో పగుళ్ళ రాతి గుండా ఆ నీరు ఏ బావిలోకి పోతుందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

ఇక కాచడం. బెంజీన్ 80 డిగ్రీలకే మరుగుతుంది, నిజమే. ఆవిరై పోయేది ఎక్కడికి? వంటగదిలోకి, పొయ్యి దగ్గర నిలబడ్డ తల్లి ఊపిరిలోకి. కాచడం క్రిములను చంపడానికి. ఇది క్రిమి కాదు. ఈ సలహా రాసినవారు తమ ఇంట్లో ఆ నీళ్ళు కాచి పిల్లలకు పోస్తారా?

సున్నం పెట్రోలును విరిచేయదు. దాని గురించి ఇంతకంటే చెప్పడం అనవసరం.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. నేల తనను తాను శుభ్రం చేసుకుంటుందన్నది అబద్ధం కాదు. మట్టిలోని సూక్ష్మజీవులు పెట్రోలును తింటాయి. చాలాచోట్ల కాలుష్యం కొంతదూరం పాకి ఆగిపోతుంది కూడా. కానీ ఆగిందో లేదో తెలిసేది పరిశీలన బావులు తవ్వి, నీటిని పదేపదే పరీక్షించినప్పుడే. పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. సూక్ష్మజీవులు ముందు దాన్ని తిని నేలలోని ప్రాణవాయువును వాడేస్తాయి. బెంజీన్ వంతు వెనకబడుతుంది.

డబ్బు దండగ అనేవారికి: 2025 జులైలో కేంద్రం తెచ్చిన కలుషిత స్థలాల నియమాల ప్రకారం ఖర్చు భరించాల్సింది కలుషితం చేసినవారు. ట్యాంకు తీసిన చోటికి దగ్గరలో బావి ఉన్నవారు రాయగడలోనో బరంపురంలోనో ఉన్న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, గొయ్యి పూడ్చకముందే. ఫలితం వచ్చేదాకా ఆ నీళ్ళు తాగొద్దు, వంటకు వాడొద్దు.