కన్నీటితో షుగర్ లెక్క ఎందుకు కుదరలేదు?

రోజూ ఇన్సులిన్ వేసుకునేవాళ్ల వేలి కొసలు దగ్గరగా చూడండి. పక్కల్లో సూదిపోట్ల నల్లటి చుక్కలు, గట్టిపడిన చర్మం. షుగర్ చూసుకోవాలంటే భోజనానికి ముందోసారి, పడుకునే ముందోసారి గుచ్చుకోక తప్పదు. అందుకే 2014 జనవరిలో గూగుల్ ఒక కాంటాక్ట్ లెన్స్ నమూనా చూపించి, ఇది కన్నీటిలోనే గ్లూకోజ్ కొలుస్తుందని చెప్పగానే ఎంతోమందికి ప్రాణం లేచొచ్చింది. మెత్తటి రెండు పొరల మధ్య చిప్, సెన్సర్, సెకనుకో రీడింగ్. అదే ఏడాది జులైలో నోవార్టిస్ కంటి విభాగం ఆల్కాన్ కూడా చేతులు కలిపింది. చివరికి గూగుల్ గూటి నుంచే వచ్చిన వెరిలీ 2018 నవంబరులో ఆ పని ఆపేసింది. కన్నీటి గ్లూకోజ్‌కూ రక్తంలోని గ్లూకోజ్‌కూ వైద్య పరికరానికి కావాల్సినంత నిలకడైన పొంతన దొరకలేదని కారణం చెప్పింది.

చిక్కంతా కన్నీటిలోనే ఉంది. కంటిలో ఒక సమయంలో ఉండే నీరు 7 మైక్రోలీటర్లకు అటూ ఇటూ. అందులో గ్లూకోజ్ రక్తంలో ఉన్నదానిలో పదో వంతైనా ఉండదు, చాలాసార్లు ఇంకా తక్కువ. పైగా నలుసు పడి నీళ్లు కారితే అది పలచబడుతుంది. కన్ను నలిపితే ఆ ఒరిపిడికి కణజాలంలోని గ్లూకోజ్ కన్నీటిలోకి ఊరి, అంకె పెరుగుతుంది. అంటే రక్తంలో ఏ మార్పూ లేకుండానే రీడింగ్ మారిపోతుంది. దానికి తోడు రక్తంలో షుగర్ మారాక కన్నీటిలో కనబడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

ఈ తేడా చిన్నది కాదు. షుగర్ 70 కంటే దిగితే లో షుగర్. కన్నీటి అంకెను రక్తం లెక్కలోకి మార్చేటప్పుడు అందులోని చిన్న పొరపాటు కూడా పదింతలో, అంతకు మించో అవుతుంది. దాన్ని నమ్మి ఇన్సులిన్ డోసు వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకే వెరిలీ ఆగిపోవడాన్ని నేను ఓటమి అనను. నిజం ఒప్పుకోవడం ఆ సంస్థ చేసిన మంచి పని.

అందరిదీ ఆ పద్ధతి కాదు. సూది లేకుండా షుగర్ చెబుతామంటూ వాచీలు, ఉంగరాలు ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. అలాంటి వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది కూడా.

నిజంగా పనిచేసేది చర్మం కింద సన్నటి తీగ పెట్టుకునే సీజీఎం సెన్సర్, అంటే షుగర్‌ను రోజంతా ఆగకుండా కొలిచేది. అదీ నేరుగా రక్తాన్ని కొలవదు, కణాల మధ్య ద్రవాన్ని కొలుస్తుంది, కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. అయినా నిలకడగా చెబుతుంది. కానీ రెండు వారాలకే అయిపోయే ఆ సెన్సర్‌కు వేలల్లో ఖర్చు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. కొత్త లెన్స్‌ల కబుర్లు హెడ్డింగుల్లోకి ఎక్కుతున్నాయి, వేలి రక్తంతో షుగర్ చూసే స్ట్రిప్పుల ధర గురించి ఎవరూ మాట్లాడరు. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని టైప్ 1 షుగర్ పిల్లలకు స్ట్రిప్పులూ సెన్సర్లూ ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉచితంగా, నెలనెలా ఆగకుండా అందాలి. ముందు అడగాల్సింది దాని గురించి.