ఏరొచ్చే పల్లాన్ని ప్లాట్లు కోసి అమ్ముతున్నారు

నిన్న సాయంత్రం నుంచి ఒళ్లు మండిపోతోంది నాకు. తమ్ముడు స్థలం కొంటానంటే శ్రీకాకుళం శివార్లలో నాగావళి పక్కన వేసిన ఒక లేఅవుట్‌కి తోడెళ్లాను. జెండాలు, ఆర్చీ, గ్రావెల్ రోడ్లు, అన్నీ ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీద నిలబడి చూస్తేనే తెలిసిపోతోంది, అది పల్లం అని. చుట్టుపక్కల నీరంతా దిగే చోటు. "ఏరొస్తే ఇక్కడ పరిస్థితి ఏంటి బాబూ?" అని అడిగాను. ఆ ఏజెంటు నా మొహం కూడా చూడకుండా మా తమ్ముడి వైపు తిరిగి, "సార్, మేడమ్ గారికి భయం ఎక్కువలా ఉంది. ఈ సైటుకి వరద చరిత్రే లేదు సార్" అన్నాడు.

చరిత్రే లేదట!

పక్క గట్టు మీద గేదెల్ని మేపుకుంటూ ఒక పెద్దాయన కనిపిస్తే ఆయన్నే అడిగాను. "ఎందుకు రాదమ్మా? ఈ మడి నాను దున్నినాను. ఉబాలయినాక ఒకపాలి, పొట్ట మీదున్నపుడు ఒకపాలి, ఎన్నిసార్లు మునిగిపోనాదో. ఏరొచ్చిందంటే ఈ గట్టే కనపడదు" అన్నాడు. ఉబాలంటే మా వైపు నాట్లు. వెంటనే ఆ ఏజెంటు "తాతా, నీకెందుకు, ఎల్లెల్లు" అని కసిరాడు. ఆ మాటకే నాకు తల తిరిగిపోయింది. ఆ నేల మీద బతుకంతా వంగి నాటిన మనిషి. ఆ నేల సంగతి ఆయనకి తెలిసినంత ఎవరికి తెలుసు? ఆయన్నా వెళ్లమనేది!

మాది వంశధార ఒడ్డు, జలుమూరు వైపు. మా ఇంట్లో వయసులు లెక్క కట్టాలన్నా 1980 వరదకి ముందా, తర్వాతా అనే అడుగుతారు. ఆ ఏడు పైన ఒడిశాలో గుణుపూరుని ముంచెత్తిన నీరే కింద మన ఊళ్ల మీద పడింది. అంత పాత సంగతి ఎందుకంటారా, 2017 జులై తీసుకోండి. రాయగడ వైపు నాగావళి ఎంత ఉధృతంగా వచ్చిందంటే తెరుబలి దగ్గర రైల్వే వంతెనే కొట్టుకుపోయింది. ఆ నీరంతా ఎక్కడికి పోయింది? మన మీదుగానే కదా కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలవాలి! ఆ మరుసటి ఏడే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను. ఉద్దానంలో కొబ్బరి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. గాలి తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునే లోపు వంశధార, దాని ఉపనది మహేంద్రతనయ పొంగి ఊళ్ల మీద పడ్డాయి. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను వచ్చినప్పుడు విజయనగరం వైపు చుట్టాలందరూ పొలాల్లో పడవ వేసుకోవాలి అన్నారు. ఇవన్నీ నిన్నా మొన్నా జరిగినవే. ఆ ఏజెంటు కూడా చూసే ఉంటాడు. చూసి కూడా లేదంటున్నాడంటే అది తెలియక అన్న మాట కాదు, అమ్ముడుపోవాలని అన్న మాట.

టీవీ వాళ్ల మీదా నాకు కోపమే. ప్రతిసారీ "ఊహించని వరద". ఎవరు ఊహించలేదు? నాగావళి, వంశధార రెండూ ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, రెండూ 250 కిలోమీటర్లకి కాస్త అటూఇటూగా పరిగెత్తి సముద్రంలో పడతాయి. వంశధారకి నీరు పట్టే నేలలో ముప్పాతిక వంతు దాకా ఒడిశాలోనే ఉంది. అక్కడ కొండల మీద కుండపోత కురిస్తే ఇక్కడ ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా తెల్లారేసరికి ఏరు గట్టు తన్నుకుంటుంది. వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ సాగునీటికి కట్టింది, వరదని పట్టి ఆపడానికి కాదు. పెద్ద ప్రవాహం వస్తే గేట్లెత్తి కిందకి వదలడం తప్ప వాళ్లు మాత్రం ఏం చేయగలరు? ఇది మా ఊళ్లో పదేళ్ల పిల్లాడు కూడా చెబుతాడు.

"మట్టి పోసి ఎత్తు చేశాం మేడమ్" అని ఇంకో మాట. సరే, నువ్వు ఎత్తు చేశావు. నీ ఎత్తు మీదకి రాని నీరు ఆవిరైపోతుందా? పక్కనున్న పేదోళ్ల కాలనీలోకి పోతుంది. ఆ తాత పొలంలోకి పోతుంది. నీరు పోయే గెడ్డని, అంటే వాగుని, పూడ్చేసి దాని మీద రోడ్డు వేశారు, ఒక్క తూము కూడా పెట్టినట్టు లేదు. రేపు ఆ కాలనీలో పొయ్యి మునిగితే అధికారులొచ్చి పులిహోర పొట్లాలు పంచి ఫొటోలు దిగుతారు, లేఅవుట్ వేసినోడు మాత్రం విశాఖలో హాయిగా ఉంటాడు. ఇటు నదిలోనేమో ఇసుక ర్యాంపుల పేరు చెప్పి గట్టు మొదలు దాకా తవ్వేస్తారు, గట్టు కోసుకుపోతే మళ్లీ "ప్రకృతి విపత్తు" అంటారు. కరకట్టల మాట నేను బడికెళ్లే రోజుల నుంచి ప్రతి ఎన్నికలకీ వింటూనే ఉన్నాను.

అసలు నీళ్లు నిలిచే చోటు కనబడితే అది ఎవరికీ పనికిరాని నేల అనడం మన జిల్లాలో కొత్త కాదు. సోంపేట బీలని, అంటే అక్కడి చిత్తడి నేలని, ఏమన్నారు? బంజరు అన్నారు. చుట్టుపక్కల ఊళ్ల వరదని తనలో దాచుకునే బీల, చేపలు పట్టుకునేవాళ్లకి, గేదెలు మేపుకునేవాళ్లకి, కింద వరి పండించుకునేవాళ్లకి అన్నం పెట్టే బీల. దాన్ని థర్మల్ ప్లాంటుకి రాసిచ్చేశారు. వద్దు మహాప్రభో, ఇది పూడిస్తే మా ఊళ్లు మునుగుతాయని జనం మొత్తుకుంటే 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ కొట్టేసింది కూడా అదే రోజు. అంటే ఆ రైతులు చెప్పిందే నిజమైంది కదా! మరి పోయిన ప్రాణాలో? ఏడాది తిరక్కుండా 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో ఇంకో థర్మల్ ప్లాంటు దగ్గర మళ్లీ అదే. అక్కడా నీరు నిలిచే తంపర నేలే, అక్కడా అదే మొత్తుకోలు, అక్కడా తూటాలే. ఆ ఊళ్ల ఆడవాళ్లు కూడా కేసులు మోస్తూ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. నీరు ఎక్కడ నిలుస్తుందో, ఎటు పోతుందో చెప్పినందుకు!

ఇప్పుడు చెప్పండి, నిన్న ఆ తాతని "ఎల్లెల్లు" అన్నవాడికి ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది?

లేఅవుట్‌కి సంతకం పెట్టే ముందు ఆ ఊరి పెద్దల్ని పిలిచి, ఏ ఏడు ఎంత ఎత్తు నీరొచ్చిందో అడిగి రాయించుకోవాలి. ఆ కాగితం కొనేవాడి చేతికి ఇవ్వాలి. ప్రతి ఊళ్లో బడి గోడ మీదో, రచ్చబండ మీదో ఏరొచ్చిన ఎత్తుకి గీత గీసి పక్కన సంవత్సరం వేయాలి. దీనికేం కోట్లు కావాలా? ఒక రంగు డబ్బా, ఒక కుంచె చాలు.

వాళ్లు చేసేదాకా మనం ఆగక్కర్లేదు. నాగావళి, వంశధార, సువర్ణముఖి, బాహుదా ఒడ్డు ఊళ్లవాళ్లు ఈ పోస్టు చదువుతుంటే, ఈ రోజే మీ తాతనో అమ్మమ్మనో అడగండి. ఊరు పేరు, ఏడు, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కింద కామెంట్లో పెట్టండి. ఆ నేలలో ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతి ఉంటే సర్వే నంబరు కూడా రాయండి.