ఆకలికి మూవ్‌మెంట్ ఆర్డర్

ఇరవై ఎనిమిదేళ్లు మిలిటరీలో గుమాస్తాగిరీ వెలగబెట్టి, సుబేదార్‌గా రిటైరై, బెంగళూరు జాలహళ్లిలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. దేశ రక్షణలో ఉన్న ఒక లోపాన్ని ఎత్తిచూపే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. ఆ లోపం ఉత్తర సరిహద్దులోనూ లేదు, పడమటి సరిహద్దులోనూ లేదు. మా డైనింగ్ టేబుల్ మీద ఉంది.

సర్కారు చేసిన మంచి ముందు చెప్పుకోవాలి. బదిలీ అయి, కదలమని మూవ్‌మెంట్ ఆర్డర్ చేతికొస్తే మూల వేతనంలో 80 శాతం గ్రాంటు ఇస్తారు. నాయబ్ సుబేదార్‌కైతే 6,000 కిలోల సామాను దాకా మోత ఖర్చు వాళ్లదే. మంచాలు, కూలరు, ఎవరూ తొక్కని సైకిలు, మా మరదలి ఆవకాయ జాడీలు, అన్నిటికీ తూకం ఉంది. నల్ల ట్రంకు పెట్టెల మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు, ఎక్కణ్ణించి ఎక్కడికి. పిల్లల చదువూ మరిచిపోలేదు. బదిలీల ఉద్యోగుల పిల్లల కోసమని 1963లోనే సెంట్రల్ స్కూళ్లు తెరిచారు. జబల్పూర్‌లో ఆగిన త్రికోణమితి బెంగళూరులో అదే పేజీ నుంచి అందుకోవచ్చు. జబల్పూర్‌లో ఆగిన స్నేహం ఏ పేజీ నుంచి అందుకోవాలో సిలబస్‌లో ఇవ్వలేదు, పరీక్షలో రాదు కాబట్టి కాబోలు.

నా తోడల్లుడి కూతురికి పదిహేనేళ్లు. పుట్టింది సికింద్రాబాద్. ఆ తర్వాత పఠాన్‌కోట్, జోర్హాట్, జబల్పూర్, ఇప్పుడు బెంగళూరు. తండ్రి లద్దాఖ్‌లో ఉన్నాడు. ఫీల్డ్ ఏరియాకి పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లే వీల్లేదు కనుక తల్లీకూతుళ్లు ఇక్కడ క్వార్టర్స్‌లో. పంజాబులో రాజ్మా తింది, అస్సాంలో చేపల పులుసు తింది, ఇక్కడ బెల్లం సాంబారుకీ ఏమీ అనలేదు. (బెల్లం సాంబారు మీద నా అభిప్రాయం విడిగా మనవి చేస్తాను.) ‘‘బంగారు తల్లి, ఎక్కడైనా అడ్జస్టయిపోతుంది’’ అని అందరం మురిసిపోయాం. ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’ (కొంచెం సర్దుకోండి) అనే మాట మీదే నడిచే ఊళ్లో ఇంతకంటే మెప్పేముంటుంది?

ఒక ఆదివారం టిఫినుకి పిలిచాం. మా ఆవిడ ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి పెట్టింది. పిల్ల నెయ్యి గిన్నె మెల్లగా పక్కకి జరిపింది. చెంచా అంచుతో ఒక ఇడ్లీని నిలువునా మూడు గాట్లు, అడ్డంగా మూడు గాట్లు కోసింది. పదహారు ముక్కలు. పరేడ్ మైదానంలో జవాన్లలా వరుసలు తీర్చింది. ఒక్కో ముక్కకీ అర గ్లాసు నీళ్లు. ఎంత క్రమశిక్షణ! నాకు ముచ్చటేసింది. అరగంటయ్యాక పాత అలవాటు కొద్దీ లెక్క చూశాను. జమ 16, ఖర్చు 3, నిల్వ 13.

‘‘కడుపు నిండిపోయింది పెద్దమ్మా, స్కూల్లో తినేసొచ్చాను’’ అంది.

ఆదివారం పూట స్కూలేమిటని మా ఆవిడా అడగలేదు, నేనూ అడగలేదు.

రోగ నిర్ణయం ఇంట్లోనే జరిగింది. మా అత్తగారిది మిలిటరీ మాధవరం. గడపగడప నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. ఆవిడ దిష్టి అని తేల్చి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసింది. మా మరదలు పొగరంది. నేను క్రమశిక్షణ అన్నాను. పక్క క్వార్టర్ ఆవిడ ‘‘భలే సన్నబడ్డావే, ఏం తింటున్నావ్?’’ అని చిట్కా అడిగింది. టైఫాయిడ్ వస్తే ఎవరూ చిట్కా అడగరు. చుట్టుపక్కల వాళ్లు అభినందించే జబ్బు నాకు తెలిసి ఇదొక్కటే. రాత్రి రెండింటి దాకా ఫోన్లో వంట వీడియోలు చూస్తోందని మా మరదలు చెబితే, ‘‘పోనీలే, వంటొస్తుంది’’ అన్నాను.

నాకు తెలియకుండా మా మరదలు మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన టెలి మానస్ 14416కి ఫోన్ చేసిందట. అక్కణ్ణించి ఒక డాక్టరమ్మ దగ్గరికి చేరారు. తోడు వెళ్లిన పాపానికి నేనూ విన్నాను. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే ఆయన, యుద్ధంలో తుపాకీ పట్టబోమన్న 36 మంది కుర్రాళ్లకి, వాళ్లు ఒప్పుకున్నాకే, ఆర్నెల్లపాటు అరాకొరా తిండి పెట్టి చూశాడట. నిక్షేపంలాంటి మగపిల్లలు కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చున్నారు, వంట పుస్తకాలు పోగేసుకున్నారు, అయినదానికీ కానిదానికీ దిగులు పడ్డారు. అంటే పస్తే బుర్రని అలా తిప్పేస్తుందన్నమాట. ఇక అక్కడి సైనికుల పిల్లలు ప్లస్ టూ లోపు ఆరు నుంచి తొమ్మిది బళ్లు మారతారని చెబుతారు. వాళ్లలో తిండి తీరు తప్పినవాళ్ల గురించీ, ఆపుకోలేక తినేవాళ్ల గురించీ ఆ దేశపు సైనిక వైద్య విశ్వవిద్యాలయమే పరిశోధనలు చేయిస్తోందట. నేను పనిచేసిన ఏ ఆఫీసులోనూ అలాంటి రిజిస్టరు లేదు. రిజిస్టరు లేనిది సమస్య కాదని గుమాస్తా శాస్త్రంలో మొదటి సూత్రం.

పిల్ల చెప్పింది మాత్రం ఆ సూత్రానికి అందలేదు. కొత్త బళ్లో లంచ్ బెల్లు కొడితే ఎవరి పక్కన కూర్చోవాలో తెలిసేది కాదట. డబ్బా తెరవకపోతే కూర్చునే పనే లేదు. జోర్హాట్‌లో మొదలైంది, జబల్పూర్‌లో అలవాటైంది. ‘‘ఇదొక్కటే నా ఇష్టప్రకారం జరుగుతుంది’’ అందట. నిజమే. ఊరు, బడి, ఇల్లు, నేస్తాలు అన్నీ బదిలీలు వేసే రికార్డ్స్ ఆఫీసు చేతిలో ఉంటే, ఆ పిల్ల చేతిలో మిగిలింది చెంచా.

లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో పుట్టిన వైద్యం ఒకటుంది. తల్లీ తండ్రీ పూటపూటా పక్కన కూర్చుని తినిపించాలి, అదీ నెలల తరబడి. తండ్రేమో లద్దాఖ్‌లో. సరే, వీడియో కాల్ పెట్టాం. ‘‘ఒక్క ముద్ద తల్లీ...’’ అంటుండగా నెట్‌వర్క్ పోయి, మా తోడల్లుడు నోరు తెరుచుకుని తెర మీద బిగుసుకుపోయాడు. పిల్ల ఫక్కున నవ్వింది. ఆ నవ్వులో నాలుగో ముక్క లోపలికి పోయింది. అది మా ఆవిడ నాకు మోచేత్తో పొడిచి చూపించింది.

ఇంతలో తండ్రికి పీస్ పోస్టింగ్, అంటే పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లగలిగే చోటికి బదిలీ, వచ్చింది, భటిండా. డాక్టరమ్మేమో ఇంకో ఏడాది ఈ ఊరు కదలొద్దంది. కారుణ్య కారణాల మీద బెంగళూరు ఇమ్మని అర్జీ పెట్టాలి. ఇలాంటివాటిలో నా చెయ్యి తిరిగినది. ‘‘అన్నయ్యా, మీరే రాసి పంపండి, సంతకం పెడతాను’’ అన్నాడు మా తోడల్లుడు. రాస్తూ ‘జబ్బు వివరాలు’ అన్న గడి దగ్గర ఆగాను. తిండి తినడం లేదని రాస్తే సాహెబ్ నవ్వడా? సైన్యంలో తిండి మానేసే రోగమేమిటయ్యా, లంగర్ వంటశాలకి తీసుకెళ్లి రెండు పూరీలు పెట్టండి అనడా?

గ్యాస్ట్రిక్ అని రాశాను. మూడు కాపీలు, కొట్టివేతలు లేకుండా. అర్జీ పది రోజుల్లో తిరిగొచ్చింది: ‘గ్యాస్ట్రిక్‌కు భటిండాలో వైద్య సదుపాయం కలదు.’