ఏటీఎం కార్డు ఎవరి జేబులో?

చిత్తూరు పల్లెల్లో తెల్లారకముందే లేచి, పేడ ఎత్తి, పాలు పితికి కేంద్రంలో పోసేది ఎక్కువగా ఆడవాళ్లే. పాల బిల్లు ఆమె ఖాతాలోనే పడినా, ఏటీఎం కార్డు మొగుడి చొక్కా జేబులో ఉండే ఇళ్లు తక్కువేమీ కావు. బిడ్డ జ్వరానికి మందు కొనాలన్నా ఆమె చేయి చాపాలి, తిట్లు పడాలి. చెయ్యి చేసుకోలేదు కదా, ఇదేం హింస అంటారు చుట్టుపక్కల వాళ్లు. 2005 నాటి గృహహింస చట్టం దీన్ని ఆర్థిక హింస అనే అంటోంది. కించపరిచే మాటలూ, లైంగిక బలవంతమూ ఆ చట్టం లెక్కలో హింసే.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఎన్ని తరాలుగా చెప్పుకుంటున్నా, ముందసలు ఎందుకు కొట్టాడని ఎవరమూ అడగలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో పదిమందికి దాదాపు ముగ్గురు భర్త చేతిలో హింస చవిచూసినవారే. ఆస్పత్రిలో మాత్రం "బాత్‌రూమ్‌లో జారిపడ్డాను" అంటారు. అమ్మా, డాక్టరుకు నిజం చెప్పండి. ఆ చీటీయే రేపు సాక్ష్యం.

కేసు పెడితే కాపురం కూలుతుందన్న భయంతోనే చాలామంది నోరు విప్పరు. ఈ చట్టం కింద మొగుణ్ణి జైలుకు పంపకుండానే, కొట్టొద్దని, ఖర్చులకు డబ్బివ్వమని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వగలరు. కొట్టొద్దన్న ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు పడొచ్చు. కలిసి కాపురమున్న ఇల్లు అత్తమామల పేరున ఉన్నా సరే, ఇష్టమొచ్చినట్టు ఆమెను బయటికి గెంటడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు తీర్పుతో తేలిపోయింది. సర్దుకుపొమ్మని కూతుర్ని తిరుపతి బస్టాండులో మళ్లీ బస్సెక్కించే తండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి.

181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం దారి చూపిస్తారు. అక్కడ వైద్యం, న్యాయ సలహా, కొన్నాళ్లు తలదాచుకునే చోటు దొరుకుతాయి. ప్రాణం మీదికొస్తే 112. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు, ఆదాయంతో పనిలేకుండా మహిళలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది. మొగుడికి మీ ఫోన్ చూసే అలవాటుంటే పక్కింటివాళ్ల ఫోన్ నుంచి మాట్లాడండి. ఆధార్, పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు నమ్మకమైన వాళ్ల దగ్గర దాచండి.

అధికారులకు మా విన్నపం ఒక్కటే. 181 నంబరు కలెక్టరేట్ గోడకు పరిమితం కాకూడదు. రోజూ పొద్దున్నే ఆమె పాలక్యాను పట్టుకుని నిలబడే కేంద్రం గోడ మీద, దూరం నుంచి కూడా కనబడేంత పెద్దగా రాయించండి.