కురిసిన వాన పొలం దాటకూడదు

ఈశాన్య రుతుపవనాల్లో ఓ గంట గట్టి వాన పడ్డాక కనిగిరి, పామూరు వైపు ఏ వాగు గట్టునైనా నిలబడి చూడండి. నీళ్లు ఎర్రగా, చిక్కగా పోతుంటాయి. అది పొలం పైమట్టి. పెంట తోలి, గొర్రెల మంద కట్టించి, రైతు ఏళ్ల తరబడి బాగు చేసుకున్న మట్టి ఒక్క వానకు వాగులో కలిసిపోతుంది. ఎండాకాలం వచ్చేసరికి అదే రైతు బోరు ఎత్తిపోయిందని, ఇంకో వంద అడుగులు దించాలని అప్పు కోసం తిరుగుతుంటాడు.

ఒక్కసారి లెక్క వేద్దాం. ఎకరంలో 1 మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4,000 లీటర్ల నీళ్లు. 25 మిల్లీమీటర్లు పడితే లక్ష లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఇరవై. బత్తాయి చెట్లను బతికించుకోవడానికి ట్యాంకర్లు తోలించుకున్న రైతుకు ఆ ఇరవై ట్యాంకర్ల ఖరీదు ఎంతో మేం చెప్పక్కర్లేదు. ఆ నీళ్లు మన పొలంలోనే పడ్డాయి, మనమే ఆపుకోలేదు.

వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. నల్లమల కింద సొరంగాలు తవ్వి కృష్ణా నీళ్లు తెచ్చి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు ఇవ్వాలన్నది లక్ష్యం. ఆ నీళ్లు రావాల్సిందే, ఆ డిమాండులో మేం ఒక్క అడుగు కూడా వెనక్కి వేయం. కానీ రేపు కాలువ వచ్చినా దాని కిందికి రాని మెట్ట చాలా మిగిలిపోతుంది. ఆ పొలాలకు వానే దిక్కు.

బోరు మీద భరోసా ఎప్పుడో పోయింది. లోతుకు పోయేకొద్దీ రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు పైకొస్తాయి, వాటితోపాటు ఫ్లోరైడూ వస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, అది దాటితే ఏమవుతుందో కనిగిరి ప్రాంతంలో వంగిపోయిన నడుములే చెబుతాయి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం బోరుకు అనుమతి ఉండాలంది, బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలంది. అయినా గట్టుకు అటొకటి, ఇటొకటి పడుతూనే ఉన్నాయి.

చేయాల్సిన పనులు కొత్తవి కావు. వాలుకు అడ్డంగా దున్నడం, తెగిన గట్లు వాన ముందే వేసుకోవడం, పల్లపు మూలన ఓ కుంట తవ్వడం, అందులో చేరిన ఒండ్రును ఎండాకాలంలో మళ్లీ చేలోకే తోలుకోవడం. పంట లేని రోజుల్లో జనుమో పిల్లిపెసరో చల్లితే నేల కప్పుకుని ఉంటుంది, వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు. గుండ్లకమ్మకు అడ్డంగా కట్టకట్టి కంభం చెరువును నిలబెట్టిన నేల ఇది, నీటిని ఆపడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మరి ఎందుకు జరగడం లేదు? మా దృష్టిలో పెద్ద కారణం కౌలు. దున్నేది ఒకరు, పాస్‌బుక్ ఇంకొకరి పేరు మీద, ఆయనేమో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకే, దానికీ యజమాని సంతకం కావాలి, ఆ సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని ఆయనకు టెన్షన్. వచ్చే ఏడు ఈ చేను తనకు ఉంటుందో లేదో తెలియని మనిషి సొంత డబ్బు పెట్టి గట్టు ఎందుకు వేస్తాడు? రెండేళ్ల తర్వాత ఫలితమిచ్చే కుంట ఎందుకు తవ్వుతాడు? కౌలు మాత్రం ముందే కట్టాలి, అందుకే ఈ ఏడు వచ్చిందే దక్కుదల అన్నట్టు నేలను పిండుతాడు. ఆయన్ని తప్పుపట్టలేం.

ప్రభుత్వం ఉపాధి పనుల్లో కుంటలు, గట్లు పెడుతోంది, మంచిదే. అవి వేసవిలోనే పూర్తి కావాలి, వానలు మొదలయ్యాక కొలతలు తీస్తే లాభం లేదు. కౌలు చేలనూ ఆ జాబితాలో చేర్చాలి, యజమానిని ఒప్పించే పని కౌలు రైతు నెత్తిన పెట్టకుండా గ్రామ సిబ్బందే చూడాలి.

బయట ఊళ్లలో ఉంటున్న భూ యజమానులకు కూడా ఒక మాట. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు కౌలు రైతును వెంటబెట్టుకుని చేను చుట్టూ ఒకసారి తిరగండి, ఎక్కడ గట్టు తెగిందో, నీళ్లు ఎటు పోతున్నాయో ఆయనే చూపిస్తాడు. కుంటకు సంతకం పెట్టండి, కనీసం మూడేళ్లు చేను నీదే చేసుకో అని మాట ఇచ్చి వెళ్లండి.